నాంచారి బూట్లు

పాప పుట్టిన మర్నాడు సత్యవతి మొదటి బస్సుకే బందరు నుంచి అవనిగడ్డ ఆసుపత్రికి వచ్చింది. సంచి మంచం కింద పెట్టి, చేతులు కడుక్కుని, మనవరాలి మీద కప్పిన పాత చీర ముక్క తీసింది. నుదురు చూసింది, ముక్కు చూసింది, చేతివేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూసింది. కుడికాలి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.

పాదం లోపలికి తిరిగిపోయి ఉంది. మడమ పైకి లాక్కుపోయింది. అరికాలు రెండో కాలి వైపు చూస్తోంది.

సత్యవతి చీర ముక్క మళ్ళీ కప్పేసింది.

"గ్రహణం నాడు బైటికొచ్చావా?" అని అడిగింది కోడల్ని.

మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్న వీరదుర్గకి ఇరవై ఏళ్ళు. సత్యవతి ఆమెకి అత్తగారే కాదు, సొంత మేనత్త. నాగాయలంకలో చేపల వేట చేసుకునే ఆమె తండ్రి రత్తయ్యకి అక్క. వీరదుర్గ తల్లి నాంచారమ్మ చిన్నతనంలోనే పోతే, సెలవలకి బందరు తీసుకుపోయి జడలు వేసిందీ, పరికిణీలు కుట్టించిందీ ఈ మేనత్తే. అందుకని ఆవిడ దగ్గర వీరదుర్గకి భయం లేదు.

"వచ్చా అత్తా. దండెం మీద బట్టలు ఎగిరిపోతుంటే తీశా."

"పోతే పోనియ్యాల్సింది. ఇప్పుడు చూడు."

"గ్రహణం నాడు కదలకుండా పడుకున్నోళ్ళ పిల్లలకి కూడా ఇట్టా వస్తదంట. ఇక్కడి నర్సమ్మ చెప్పింది. గుడివాడలో ఎముకల డాక్టరమ్మ ఉందంట. చిన్నప్పుడే తీసుకెళ్తే సరి చేస్తదంట."

"నెల తిరక్కుండా పిల్లని ఊళ్ళు తిప్పుతావా? గాలీ ధూళీ తగిలితే?"

"నెల తిరిగాకే తిప్పుతా" అంది వీరదుర్గ.

సత్యవతి ఇంకేదో అనబోయి, పక్క మంచం వాళ్ళు చూస్తున్నారని ఊరుకుంది. వెళ్ళేముందు మాత్రం కోడలి చెవి దగ్గరికి వంగి, "ఎవరొచ్చినా కాలు చూపించమాక" అని చెప్పి వెళ్ళింది.

పాప తండ్రి నాగబాబు రెండ్రోజుల తర్వాత వచ్చాడు. అతను బందరు పక్కనే ఉన్న గిలకలదిండి రేవు నుంచి వేటకెళ్ళే బోటులో పని చేస్తాడు. ఒడ్డుకి రాగానే కబురు తెలిసి, స్నానం చేసి వచ్చినా ఒంటిని డీజిలు వాసన వదల్లేదు. పాప పాదాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. వల తాళ్ళు లాగి లాగి బండబారిన ఆ చేతిలో అది రొయ్యంత కూడా లేదు.

"నొప్పి పెడుతోందంటావా?"

"లేదంట బావా."

"మరి ఏం చేద్దాం?"

"గుడివాడ ఎళ్దాం. నువ్వు వేటలో ఉంటే నాన్న వస్తాడు."

"సరే" అన్నాడు నాగబాబు. అతని నుంచి ఆ ఒక్క మాటే కావాలి వీరదుర్గకి.

ఇరవై ఒకటో రోజున నాగాయలంకలో బారసాల చేసి, అమ్మమ్మ పేరు కలిసొచ్చేలా లక్ష్మీ నాంచారి అని పెట్టారు. ఆ వారం గడవగానే ఒక పొద్దున తండ్రీ కూతురూ పాపతో బస్సెక్కారు. అవనిగడ్డలో బస్సు మారాక, కిటికీ పక్కన కూర్చున్న రత్తయ్య పాప మొహాన్ని బయటికి తిప్పి ఊళ్ళు పరిచయం చేయడం మొదలుపెట్టాడు.

"ఇది మోపిదేవి. ఇక్కడ నీకు అన్నం ముట్టిస్తాం. అదిగో చల్లపల్లి. చెరుకు లారీలు చూశావా? అది కూచిపూడి, అక్కడ డాన్సులు నేర్పుతారు."

"నాన్నా, అది నిద్రపోతోంది."

"పోనీలే. చెవులు వింటూనే ఉంటయ్యి."

డాక్టరు జీవరత్నం ఆసుపత్రి గుడివాడ స్టేషను రోడ్డులో ఒక మేడ మీద ఉంది. డాక్టరమ్మ నలభై దాటని మనిషి. పాప పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముందుగా వీరదుర్గ మొహంలోకి చూసింది.

"ఎవరైనా నిన్ను ఏమన్నా అన్నారామ్మా? గ్రహణమనీ, కూర్చున్న తీరనీ?"

వీరదుర్గ పాప మీది గుడ్డ సర్దింది.

"ఇది నువ్వు చేసింది కాదు, నువ్వు మానితే ఆగేదీ కాదు. కొంతమంది పిల్లలు ఇలా పుడతారు. పాదం ఇప్పుడు మెత్తగా ఉంది. వారం వారం కొంచెం కొంచెంగా తిప్పి, తిప్పిన చోట నిలబడేలా పిండికట్టు వేస్తాను. కట్లు అయ్యాక బూట్లు ఇస్తాను. కట్టు వెయ్యడం నా పని. బూట్లు తీయకుండా ఉంచడం నీ పని. రెండోదే కష్టం. చెయ్యగలవా?"

"చేస్తానండీ."

"చాలామంది అలాగే అంటారు."

"నేను చేస్తానండీ" అంది వీరదుర్గ మళ్ళీ. డాక్టరమ్మ నవ్వి, నీళ్ళ బేసిను దగ్గరికి లాక్కుంది.

కాలి వేళ్ళ దగ్గర నుంచి తొడ దాకా తెల్లటి కట్టు పడింది. పాప ఏడ్చి ఏడ్చి, కట్టు వెచ్చగా ఆరుతుండగా తల్లి ఒళ్ళో నిద్రపోయింది. కిందికి దిగాక రత్తయ్య బస్టాండు వైపు నడవకుండా రెండో వైపు తిరిగాడు.

"అటెక్కడికి నాన్నా?"

"గుడివాడ దాకా వచ్చి పిల్లకి రైలు చూపించకుండా తీసుకుపోతామా? మన దివిసీమలో రైలు ఏడుంది?"

రైలు చూడాలని పాపకంటే ఆయనకే ఎక్కువ ఉందని వీరదుర్గకి అర్థమైంది. ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని ఇడ్లీ పొట్లాలు విప్పుకున్నారు. బందరు ప్యాసింజరు వచ్చి ఆగింది, వెళ్ళింది. రత్తయ్య పెట్టెలు చూపించాడు, ఇంజను చూపించాడు, పచ్చజెండా ఊపే గార్డుని చూపించాడు. నాంచారి ఒక్కసారి కూడా కళ్ళు తెరవలేదు. తిరుగు బస్సెక్కేటప్పుడు రత్తయ్య మొహం మాత్రం పండక్కి ఊరెళ్ళొచ్చినవాడిలా ఉంది.

బస్సులో పక్క సీటావిడ కట్టు చూసి, "అయ్యో, ఏమైందమ్మా?" అని అడిగింది.

వీరదుర్గకి అత్త మాట గుర్తొచ్చింది. "పడిందండీ" అనేసింది.

"నెలల పిల్ల ఎట్టా పడింది? ఎవరు పడేశారు?"

చుట్టూ నాలుగు తలలు ఇటు తిరిగాయి. పిల్లని పడేసిన తల్లిని చూసినట్టు చూశారు. వీరదుర్గ పాప కట్టు మీద గుడ్డ కప్పేసింది. పామర్రు దాటేదాకా ఓర్చుకుని, ఆవిడ వైపు తిరిగింది.

"పడలేదండీ. అబద్ధం చెప్పా. పాదం వంకరగా పుట్టింది. డాక్టరమ్మ తిప్పి కట్టు వేసింది. ఇంకా కొన్ని కట్లు వేస్తే సరవుతది."

"అదేగా, ముందే చెప్పొచ్చుగా" అంది ఆవిడ. అంతే. సంచిలోంచి జామకాయ తీసి రత్తయ్యకిచ్చింది. వెనక సీటాయన తన మేనల్లుడి చెయ్యి విరిగిన కథ మొదలుపెట్టాడు. ఎవరూ గ్రహణం మాట ఎత్తలేదు. ఆ రోజు నుంచి వీరదుర్గ కాలు మీద గుడ్డ కప్పడం మానేసింది.

తర్వాత ప్రతి మంగళవారమూ ప్రయాణమే. పాత కట్టు తీసి, పాదాన్ని మరికాస్త తిప్పి, కొత్త కట్టు. బస్సు కండక్టరుకి పాప పేరు తెలిసిపోయింది. చల్లపల్లిలో ఎక్కి పామర్రులో దిగే ఘంటసాల ఊరి టీచరు సరోజ గారు, వీరదుర్గ సర్దుకునేదాకా పాపని ఎత్తుకునేవారు. మూడో ప్రయాణంలోనో నాలుగో ప్రయాణంలోనో స్టేషనులో ఇంజను కూత వేస్తే నాంచారి తల తిప్పి, పళ్ళు లేని నోరు తెరిచింది.

"నవ్వింది! రైలుని చూసి నవ్వింది!" రత్తయ్య బల్ల మీంచి లేచి నిలబడ్డాడు.

"కడుపులో గాలి తిరిగి ఉంటది నాన్నా."

"నీకేం తెలుసే. నవ్వింది."

అప్పుడే రెండో కూత పడింది. నాంచారి మళ్ళీ నోరు తెరిచింది. ఈసారి వీరదుర్గ కూడా కాదనలేకపోయింది.

చివరి కట్టుకి ముందు మడమ దగ్గర నరం బిగుసుకుని ఉందని డాక్టరమ్మ సూదంత గాటు పెట్టింది. ఆ రోజు మాత్రం స్టేషనుకి వెళ్ళబుద్ధి కాలేదు ఇద్దరికీ. ఆ కట్టు విప్పిన నాడు పాదం బయటపడింది. సన్నగా, పొట్టు రాలుతూ, ముందుకు తిరిగి ఉంది. వీరదుర్గ దాన్ని ముట్టుకోలేదు. చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడే పని అయిపోయిందనుకోకు" అంది డాక్టరమ్మ. "వదిలేస్తే మళ్ళీ పాత చోటికే పోతుంది." చిన్న చిన్న తోలు బూట్లు రెండు, వాటి మధ్య ఇనప బద్ద. పగలూ రాత్రీ వేసే ఉంచాలి. రోజుకి ఒక్క గంట, స్నానానికి మాత్రం తీయొచ్చు. మూడు నెలలు అలా గడిస్తే, తర్వాత నిద్రపోయేటప్పుడు వేస్తే చాలు.

ఐదో నెలలో మోపిదేవిలో అన్నప్రాశన పెట్టుకున్నారు. తోలు బూట్లతో గుళ్ళోకి ఎలా వెళ్ళడమని అందరూ తర్జనభర్జన పడుతుంటే, వీరదుర్గ తేలిగ్గా తేల్చేసింది. ఆ రోజు పాపకి స్నానం బదులు తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది. స్నానం గంటని దేవుడికిచ్చింది. పాయసం నాలిక మీద పడగానే నాంచారి మొహం చిట్లించి, మరుక్షణం గిన్నె కోసం చెయ్యి చాచింది. నాగబాబు నవ్వు ఆపుకోలేకపోయాడు.

గుడి బయటికి రాగానే వీరదుర్గ పాపకి తొడగడానికి మెట్టు మీద కూర్చుని సంచిలోంచి బూట్లు తీసింది.

"ఫొటో అయ్యేదాకా ఆగవే" అంది సత్యవతి, అటూ ఇటూ చూస్తూ. "కొత్త గౌను వేశాం. ఒక్క ఫొటో."

"బూట్లతోనే తీయించుకుందాం అత్తా. బాగానే ఉంటది."

ఫొటోలో పాపని సత్యవతే ఎత్తుకుంది. ఫొటోగ్రాఫరు సిద్ధమనే లోపల పైట కొంగు తెచ్చి బూట్ల మీద కప్పేసింది. వీరదుర్గ చూసింది గానీ, శుభమా అని వచ్చిన చోట ఎందుకులే అని ఊరుకుంది.

ఆ నెలలోనే తల్లినీ పిల్లనీ గిలకలదిండి తీసుకొచ్చారు. సత్యవతి మనవరాలి కోసం తన చేపల గంప పక్కింటామెకి అప్పగించేసింది. ఇన్నేళ్ళూ బందరు వీధుల్లో తిరిగి అమ్మిన మనిషి, ఇప్పుడు ఇంటి పట్టున కూర్చుంటానంది. "నువ్వు జెట్టీ కాడ పని చూసుకోవే. పిల్ల నా దగ్గరుంటది" అంది. వీరదుర్గ పొద్దున వెళ్ళి రొయ్యలు ఏరి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. వచ్చేసరికి పాప శుభ్రంగా, కాటుక పెట్టుకుని, బూట్లతో ఉయ్యాల్లో ఉండేది.

జనవరిలో డాక్టరమ్మ రమ్మన్న రోజున వీరదుర్గ ఒక్కతే పాపతో బందరులో రైలెక్కింది. రత్తయ్య ఉంటే ఎంత సంబరపడేవాడో అనుకుంటూ కిటికీ దగ్గర కూర్చుంది. కానీ గుడివాడలో డాక్టరమ్మ పాదాన్ని పైకి వంచి చూసింది. ఇంకోసారి వంచింది.

"బూట్లు తీస్తున్నారా?"

"లేదండీ."

"పాదం మళ్ళీ లోపలికి తిరుగుతోందమ్మా. మడమ కూడా బిగుసుకుంది. రోజులో కొన్ని గంటలైనా తీస్తే తప్ప ఇంత తొందరగా ఇలా కాదు."

"నేను తీయలేదండీ" అంది వీరదుర్గ. ఆ మాట నోట్లో ఉండగానే ఆమెకి జెట్టీకి వెళ్ళే పొద్దుటి పూటలు గుర్తొచ్చాయి. మోపిదేవి మెట్ల మీద బూట్లని కప్పిన పైట కొంగు గుర్తొచ్చింది. "ఇప్పుడు ఏం చెయ్యాలండీ?"

"మళ్ళీ కట్లు వేద్దాం. రెండో మూడో సరిపోవచ్చు. ఇప్పుడే పట్టుకున్నాం కాబట్టి నష్టం లేదు. వచ్చే వారం మొదలుపెడదాం. నాకు ఇంకొక మనిషి సాయం కావాలి, కాలు పట్టుకోవడానికి."

"తీసుకొస్తానండీ" అంది వీరదుర్గ.

ఇంటికొచ్చేసరికి సత్యవతి పెరట్లో చేపలు తోముతోంది. వీరదుర్గ పాపని చంకన వేసుకునే ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"అత్తా, నేను జెట్టీకెళ్ళాక బూట్లు తీస్తున్నావా?"

సత్యవతి చెయ్యి ఆగలేదు. "ఎవరన్నారు?"

"కాలు మళ్ళీ తిరిగిపోతోంది."

అప్పుడు ఆగింది చెయ్యి. సత్యవతి తలెత్తి పాప కాలు వంక చూసింది.

"ఏడుస్తదే" అంది చివరికి. "బోర్లా పడబోయి, ఆ బద్ద అడ్డమొచ్చి, నా మొహం వంక చూస్తది. తియ్యమన్నట్టు చూస్తది. ఎట్టా చూస్తా ఊరుకునేది? తీస్తే రెండు కాళ్ళూ ఎగరేసుకుని ఆడుకుంటది. దానికి తోడు వచ్చినోళ్ళందరూ అవిటిదా, అవిటిదా అని అడుగుతారు. ఆ మాట వినలేకపోయా. నువ్వొచ్చే ముందు తొడిగేదాన్ని."

వీరదుర్గకి కోపమొచ్చింది. గట్టిగా అరిస్తే వీధి వీధంతా వింటుందని తెలుసు, అరవాలనీ ఉంది. పాప చెయ్యి చాచి అత్త జుట్టు అందుకోబోయింది. వీరదుర్గ పాపని రెండో చంకకి మార్చుకుంది.

"నా ముందూ ఏడుస్తది అత్తా. నా మొహం వంకా అట్టాగే చూస్తది. నేను తియ్యను. ఇప్పుడు నిన్ను నాలుగు మాటలని, పిల్లనెత్తుకుని నాగాయలంక పోవచ్చు. నాన్న కాదనడు. కానీ పోను. దీనికి మనిద్దరం కావాలి. వచ్చే వారం మళ్ళీ కట్టు వేస్తారు. నువ్వు రా. కాలు నువ్వే పట్టుకో."

"నా వల్ల కాదే."

"అంత బరువు గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగావు. ఇది నీ వల్ల కాదా?"

సత్యవతి ఒళ్ళో తడి చేతులు తుడుచుకుంది. ఏడుస్తోందేమో అనుకుంది వీరదుర్గ. ఏడవలేదు. "ఏ బండికి?" అని అడిగింది.

గుడివాడ మేడ మెట్లెక్కుతున్నంతసేపూ సత్యవతి, డాక్టరమ్మ ఏమంటుందో అని కొంగు సర్దుకుంటూనే ఉంది. డాక్టరమ్మ ఏమీ అనలేదు. "నాయనమ్మ గారా? రండి, ఇటు నిలబడండి. మోకాలు ఇలా పట్టుకోండి, కదలనివ్వకండి" అంది. తడి కట్టు కాలికి తగలగానే నాంచారి గుక్కపట్టి ఏడ్చింది. వీరదుర్గ పాలసీసా నోటికందించింది. తోసేసింది. గిలక్కాయ ఊపింది. వినపడలేదు. సత్యవతి చేతులు మోకాలిని వదల్లేదు. ఏం చెయ్యాలో తోచక, ఆమె నోటికి జీవితమంతా అలవాటైనదే వచ్చింది.

"చేపలమ్మా చేపలూ! వంజరాలూ, చందువాలూ! రొయ్యలమ్మా రొయ్యలూ!"

మూడు వీధుల అవతలికి వినపడే గొంతు. గదిలో అద్దాలు అదిరినట్టయింది. నాంచారి ఏడుపు టక్కున ఆగింది. కళ్ళు పెద్దవి చేసి నాయనమ్మ నోట్లోకి చూసింది. బయట కూర్చున్న ఒక పెద్దాయన తలుపు తోసి, "ఏవండీ, చేపలు పైకి తెచ్చారా?" అని అడిగాడు.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, "ఆపకండి నాయనమ్మ గారూ, ఇంకోసారి" అంది.

కట్టు ఆరేదాకా సత్యవతి బందరు మార్కెట్టులో దొరికే చేపలన్నీ అమ్మేసింది. వీరదుర్గ పొట్ట పట్టుకుని గోడకి ఆనుకుంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఆమెకి ఏడుపొచ్చింది. రెండింటినీ ఎవరూ పట్టించుకోలేదు.

మూడు కట్లకీ సత్యవతే వచ్చింది. మళ్ళీ బూట్లు ఇచ్చిన రోజున డాక్టరమ్మ చేత మూడుసార్లు తొడిగించి చూపించుకుంది. పట్టీ ఎక్కడ బిగించాలో, మడమ కిందికి ఆనిందో లేదో బూటు వెనక ఉన్న చిన్న కంతలోంచి ఎలా చూడాలో నేర్చుకుంది. ఇంటికొచ్చాక ఆ బాధ్యత మొత్తం తనే తీసుకుంది. వీరదుర్గ తొడిగినా, ఒకసారి కంతలోంచి తొంగిచూస్తే గానీ ఆవిడకి నమ్మకం కుదిరేది కాదు. పాప ఏడిస్తే ఉయ్యాల పక్కన కూర్చుని బద్ద పట్టుకుని రెండు కాళ్ళూ కలిపి పైకీ కిందికీ ఆడించేది. కొన్నాళ్ళకి నాంచారి తనంతట తనే అలా ఆడించుకోవడం నేర్చుకుంది. బద్దని ఉయ్యాల కర్రకేసి కొట్టి శబ్దం వస్తే కేరింతలు కొట్టేది.

ఒకరోజు వీరదుర్గ జెట్టీ నుంచి వస్తుంటే వీధి మొగలోనే అత్త గొంతు వినపడింది. ఎవరో బంధువుల ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"అవిటిది కాదు" అంటోంది సత్యవతి. "పాదం తిరిగి పుట్టింది. తిప్పుతున్నాం. గుడివాడలో డాక్టరు జీవరత్నం గారని ఉన్నారు. మీ వాళ్ళల్లో ఎవరికన్నా పుడితే దాచిపెట్టుకోకుండా తీసుకెళ్ళండి, తొందరగా. కూర్చో, టీ పెడతా. బూట్లు చూస్తావా?"

వీరదుర్గ లోపలికి వెళ్ళకుండా ఆవిడ మాట పూర్తయ్యేదాకా అరుగు దగ్గరే నిలబడింది.

ఏప్రిల్ చివర్లో డాక్టరమ్మ పగటి బూట్లు ఆపేయమంది. ఇక నిద్రలోనే. అప్పటికి, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా పెట్టే వేట నిషేధం వచ్చింది. బోట్లన్నీ ఒడ్డుకి చేరాయి. ఏడాదిలో నాగబాబు వరసగా ఇంటి దగ్గరుండేది ఆ రోజుల్లోనే. వలలు బాగుచేసుకుంటూ, పాకుతూ తిరిగే కూతురి వెనక తనూ మోకాళ్ళ మీద పాకేవాడు.

"మంగినపూడి బీచికి ఎళ్దాం బావా" అంది వీరదుర్గ ఒకనాడు. "పాప సముద్రం చూళ్ళేదు."

నాగబాబు వల వదిలేసి ఆమె వంక చూశాడు. "నేను ఏడాదంతా ఆ సముద్రంలోనే ఉంటానే. సెలవ దొరికితే మళ్ళీ దాన్ని చూడ్డానికి ఆటో కట్టించుకుని ఎళ్ళాలా?"

"నువ్వు పని మీద ఎళ్తావు. మేం షికారుకి ఎళ్తాం. నువ్వూ ఒకసారి షికారుగా చూడు, ఎట్టా ఉంటదో."

నాగాయలంక నుంచి రత్తయ్యని కూడా రమ్మన్నారు. వాళ్ళ వీధిలోనే ఉండే కోటిలింగం ఆటోలో ఐదుగురూ ఎక్కారు. పులిహోర డబ్బా, మంచినీళ్ళు, మారుబట్టలు, దారిలో నిద్రపోతే కావాలని బూట్లు. ఎండ చల్లబడ్డాక ఇసకలోకి దిగారు. ఆదివారం కావడంతో జనం బాగానే ఉన్నారు. నాగబాబు ఇస్త్రీ చొక్కాతో, చేతిలో వలా తాడూ ఏమీ లేకుండా నీళ్ళ ఎదుట నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా కనపడ్డాడు. కాసేపటికి తనే నవ్వుకుని చొక్కా చేతులు మడిచాడు.

వీరదుర్గ పాపని తడి ఇసక మీద కూర్చోబెట్టింది. నాంచారి గుప్పెడు ఇసక తీసి నోట్లో పెట్టుకుంది. సత్యవతి పరుగెత్తుకెళ్ళి వేలు పెట్టి తీసింది. ఇంతలో ఒక అల పలచగా పైదాకా పాకి వచ్చి పాప కాళ్ళని తడిపింది. నాంచారి కెవ్వుమంది. వెనక్కి మళ్ళి, చేతికందిన తండ్రి ప్యాంటు పట్టుకుంది. పట్టుకుని లాగింది. ఒక మోకాలు లేచింది, రెండోది లేచింది. రెండు చేతులతో అతని మోకాళ్ళని వాటేసుకుని, ఏడుస్తూనే, లేచి నిలబడింది.

నాగబాబు కదల్లేదు. ఊపిరి తీసుకున్నా పడిపోతుందేమో అన్నట్టు బిగుసుకుపోయి, "దుర్గా" అని మాత్రం పిలిచాడు.

వీరదుర్గ ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని కిందికి వంగి చూసింది. రెండు మడమలూ నేలకి ఆని ఉన్నాయి. కుడి పాదం ఎడమదానికంటే కొంచెం చిన్నది. కానీ రెండూ ముందుకే చూస్తున్నాయి. అల వెనక్కి లాగుతుంటే వేళ్ళు ఇసకని గట్టిగా పట్టుకున్నాయి. ఇంకా పెద్ద అల ఒకటి వచ్చింది. పాప ఊగింది, అరిచింది, పడలేదు.

"రత్తయ్యా! ఒరే రత్తయ్యా!" మొక్కజొన్న పొత్తుల బండి దగ్గరున్న తమ్ముణ్ణి సత్యవతి పిలిచింది. బీచిలో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. "పిల్ల నిలబడిందిరా! పొత్తులు అక్కడ పడేసి రారా!"

రత్తయ్య పొత్తులు పడేయలేదు. రెండు చేతుల్లోనూ వాటిని పట్టుకునే ఇసకలో పరుగెత్తాడు.

చీకటి పడకముందే ఆటో ఎక్కారు. ఉప్పు గాలికి నాంచారి కళ్ళు మూతలు పడుతున్నాయి. వీరదుర్గ సంచిలోంచి బూట్లు తీయబోతే, "ఇటియ్యి, నేను వేస్తా" అన్నాడు నాగబాబు. పట్టీలు బిగించాడు. సత్యవతి అలవాటుగా వంగబోయి, ఆగిపోయింది. అతనే బూటు తిప్పి కంతలోంచి చూసి, "ఆనింది" అన్నాడు.

అంతలో నాంచారికి మెలకువ వచ్చింది. కాళ్ళ వంక చూసుకుంది. రెండు కాళ్ళూ కలిపి పైకెత్తి, ముందు సీటు వెనక్కి ధడాలున ఒక్క తన్ను తన్నింది. కోటిలింగం ఉలిక్కిపడి వెనక్కి చూశాడు.

"ఏమ్మా, పాప ఇంత గట్టిగా తంతోంది?"

"తన్ననియ్యి కోటిలింగం" అంది వీరదుర్గ. "నువ్వు పోనియ్యి."